చిన్ననాటి క్యాన్సర్, పెద్దయ్యాక మాతృత్వం: ఎవరూ చెప్పని సంగతులు

1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ మందును తయారుచేసింది లెడర్లే ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ పిల్లలకు అప్పట్లో దక్కింది కొన్ని నెలల ఆయుష్షే. అలాంటి ఆడపిల్ల ఒకతె పెరిగి పెద్దదై, పెళ్ళి కుదిరే వేళకు "నాకు పిల్లలు పుడతారా డాక్టర్?" అని అడిగే రోజు వస్తుందని అప్పుడెవరూ అనుకుని ఉండరు.

ఆ రోజు వచ్చి చాలాకాలమైంది. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతికి బట్టకడుతున్నారు. పేద దేశాల్లో ఇది 30 శాతం కూడా దాటడం లేదు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర బతుకు అవకాశం ఆసుపత్రిని బట్టి, జబ్బును ఎంత తొందరగా పట్టుకున్నారన్నదాన్ని బట్టి, డబ్బుల్లేక మధ్యలో చికిత్స మానేశారా లేదా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. అయినా హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, బసవతారకంలోనో, ముంబయి టాటాలోనో చిన్నప్పుడు కీమో తీసుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న, ఉద్యోగాలు చేస్తున్న, ఇంట్లో సంబంధాలు చూస్తున్న అమ్మాయిలు మన మధ్య ఉన్నారు. చాలామంది ఆ సంగతి బయటికి చెప్పుకోరు కాబట్టి మనకు కనబడరు, అంతే.

బతికుంటే బలుసాకు తినవచ్చు అంటారు మనవాళ్ళు. జబ్బు బయటపడిన రోజున ఏ తల్లి నోటైనా వచ్చే మాట అదే. తప్పు పట్టలేం. కానీ ఆ మాట పదిహేనేళ్ళ తరువాత కూడా అమ్మాయి నోరు మూయించడానికి పనికొస్తోంది. పిల్లలు పుడతారా అన్న ప్రశ్న మీద గత పాతికేళ్ళలో జరిగిన పరిశోధన అంతా ఒకచోట పెట్టుకుని చూస్తే నాకు తోచింది ఇది: శాస్త్రం చాలా దూరం వచ్చింది, అమ్మాయికి చేరాల్సిన సమాచారం మాత్రం చేరలేదు.

శరీరంలో జరిగేదేమిటో ముందు చూద్దాం. మగవాడి శరీరంలో వీర్యకణాలు యుక్తవయసు నుంచి నిత్యం తయారవుతూనే ఉంటాయి. ఆడపిల్ల తన అండాలన్నీ తల్లి కడుపులో ఉండగానే సమకూర్చుకుంటుంది. గర్భంలో ఐదో నెలకు 60, 70 లక్షలు; పుట్టేసరికి 10 నుంచి 20 లక్షలు; రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు; నెలసరి ఆగిపోయే వయసుకు వెయ్యి. మళ్ళీ పంట రాని గాదె అది, తీసే కొద్దీ తగ్గుతుంది తప్ప నిండదు. క్యాన్సర్ మందులు, రేడియేషన్ చేసేది ఈ తరుగుదలను ఒక్కసారిగా వేగం చేయడం.

అన్ని మందులూ ఒకలాంటివి కావు. చాలా భయాలు, చాలా తప్పుడు భరోసాలు ఇది తెలియకపోవడం వల్లే పుడతాయి. అండాశయానికి ఎక్కువ హాని చేసేవి ఆల్కైలేటింగ్ మందులనే కుటుంబం: సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, ప్రోకార్బజిన్, మెల్ఫలాన్, బుసల్ఫాన్. ఒక్కో మందు బలం ఒక్కో రకం కాబట్టి అన్నింటినీ సైక్లోఫాస్ఫమైడ్ కొలతలోకి మార్చి మొత్తం డోసు లెక్కగట్టే పద్ధతిని 2014లో ప్రతిపాదించారు. ఇప్పుడు ముప్పును అంచనా వేయడానికి వైద్యులు వాడేది ఎక్కువగా ఇదే. పిల్లల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనబడే లింఫోబ్లాస్టిక్ రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మామూలు చికిత్సలో ఈ మందుల మోతాదు తక్కువ. అందులో ప్రధానంగా వాడే మెథోట్రెక్సేట్ (అది కూడా సుబ్బారావు బృందం పనిలోంచి వచ్చిందే) అండాలను పెద్దగా ముట్టుకోదు. అంటే చిన్నప్పుడు రక్త క్యాన్సర్ వచ్చి, తిరగబెట్టకుండా నయమైన అమ్మాయిల్లో ఎక్కువమందికి పిల్లలు పుట్టే అవకాశం బాగానే ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేక ఎన్ని ఇళ్ళలో ఎంత దిగులు పేరుకుపోయిందో!

అదే జబ్బు తిరగబెట్టి ఎముక మజ్జ మార్పిడి దాకా వెళితే కథ మారిపోతుంది. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ గానీ, ఒళ్ళంతటికీ ఇచ్చే రేడియేషన్ గానీ అండాశయాన్ని దాదాపు ఖాళీ చేస్తాయి. అండాల్లో సగం చనిపోవడానికి 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) కన్నా తక్కువ రేడియేషన్ చాలునని ఎడిన్‌బరోకు చెందిన హమిష్ వాలెస్ బృందం 2003లో లెక్కగట్టింది. ఒళ్ళంతటి రేడియేషన్ సాధారణంగా 12 గ్రే వరకు ఉంటుంది. వయసు చిన్నదైతే తట్టుకునే శక్తి కాస్త ఎక్కువ. అండాశయం పూర్తిగా పనిచేయకుండా పోవడానికి పదేళ్ళ పిల్లకు 18 గ్రే పైన అవసరమైతే, ముప్ఫై ఏళ్ళ స్త్రీకి 14 గ్రే చాలు. తలకు ఇచ్చిన రేడియేషన్ దారి వేరు. అది పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది. అప్పుడు అండాలు ఉన్నా వాటిని మేల్కొలిపే హార్మోన్లు రావు. దానికి మందులతో పరిష్కారం ఉంది.

ఇక నయమైనవాళ్ళను ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాల సంగతి. వీటన్నింటికీ పెద్దన్న అమెరికాలో 1994లో మొదలైన చైల్డ్‌హుడ్ క్యాన్సర్ సర్వైవర్ స్టడీ. ఇప్పుడది మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి కేంద్రంగా నడుస్తోంది. నయమైన వేలమందిని, పోలిక కోసం వాళ్ళ అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను అందులో చేర్చారు. అందులోంచి 2006లో వచ్చిన ఒక ఫలితం: 40 ఏళ్ళలోపే నెలసరి ఆగిపోయినవాళ్ళు క్యాన్సర్ నుంచి బయటపడ్డ స్త్రీలలో 8 శాతం, వాళ్ళ అక్కచెల్లెళ్ళలో 0.8 శాతం. ఆల్కైలేటింగ్ మందులూ, పొత్తికడుపుకు రేడియేషన్ రెండూ పడ్డవాళ్ళలో అది 30 శాతానికి చేరువైంది.

2013లో వచ్చిన మరో ఫలితం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోవడం ఈ స్త్రీలలో వాళ్ళ అక్కచెల్లెళ్ళకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. వయసు ఎంత తక్కువైతే తేడా అంత ఎక్కువ. ఇరవైల తొలినాళ్ళలో అది దాదాపు మూడు రెట్లు. ఇంతవరకు చెడ్డవార్త. అలా ఏడాది గడిచి ఇబ్బంది పడ్డవాళ్ళలో దాదాపు 64 శాతం మందికి ఆ తరువాత గర్భం వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది: సంతాన సమస్యకు చికిత్స కోరడంలో ఈ స్త్రీలు అక్కచెల్లెళ్ళకు ఏమాత్రం తీసిపోలేదు, అయినా వాళ్ళకు మందులు రాసిచ్చిన సందర్భాలు మాత్రం బాగా తక్కువ. వైద్యులు ముందే ఆశ వదిలేసుకున్నారా, గర్భం వస్తే ప్రమాదమని వెనకాడారా, కారణం ఏదైనా కావచ్చు. క్యాన్సర్ వచ్చిపోయిన మనిషి ముందు కూర్చుంటే వైద్యుడి చెయ్యి కూడా కలం మీద తడబడుతుందన్నమాట.

2016లో వచ్చిన మరో పరిశీలన కీమో మాత్రమే తీసుకుని, కటి భాగానికి రేడియేషన్ పడనివాళ్ళను చూసింది. ఆడవాళ్ళలో గర్భం వచ్చే అవకాశం సుమారు 13 శాతం మాత్రమే తగ్గింది. మగవాళ్ళు తండ్రులయ్యే అవకాశం అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గింది. మన ఊళ్ళలో పిల్లలు పుట్టకపోతే వేలు ఎటు చూపిస్తుందో తెలిసినవాళ్ళు ఈ అంకెను రెండుసార్లు చదవాలి.

ఈ అంకెలన్నీ కలిపి చెప్పేది ఒకటే. వీళ్ళలో ఎక్కువమందికి తలుపు మూసుకుపోలేదు, తెరిచి ఉండే కాలం తగ్గింది. ఇప్పుడు నెలసరి సరిగ్గా వస్తున్నంత మాత్రాన ముప్ఫై ఐదేళ్ళకూ అలాగే ఉంటుందని కాదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు వచ్చే రక్తస్రావం అసలు లెక్కలోకే రాదు, అండాశయం ఆగిపోయినా ఆ మాత్రలతో అది వస్తూనే ఉంటుంది. ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష అండాల నిల్వ ఎంతుందో సుమారుగా చెబుతుంది. అది తక్కువగా ఉందంటే త్వరపడమని అర్థం తప్ప గర్భం రాదని కాదు. హైదరాబాదులో, విజయవాడలో ఏ కూడలిలో చూసినా ఐవీఎఫ్ హోర్డింగే. ఆ ఒక్క పరీక్ష కాగితం పట్టుకుని భయపెట్టేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇంకోవైపు, తమకు పిల్లలు పుట్టరని తామే తీర్మానించుకుని ఏ జాగ్రత్తా తీసుకోక, వద్దనుకున్నప్పుడు గర్భం దాల్చినవాళ్ళూ ఉన్నారు. అరకొర సమాచారం రెండువైపులా కోస్తుంది.

గర్భం వచ్చాక ఇంకో అధ్యాయం. చిన్నప్పుడు మూత్రపిండంలో విల్మ్స్ ట్యూమర్ వచ్చి కడుపుకు రేడియేషన్ పడ్డ అమ్మాయిల్లో నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం ఎక్కువ. రేడియేషన్ వల్ల గర్భసంచి సరిగ్గా పెరగదు, సాగదు, రక్తప్రసరణా తగ్గుతుంది. డాక్సోరూబిసిన్, డౌనోరూబిసిన్ లాంటి మందులు పడ్డవాళ్ళ గుండె మామూలు రోజుల్లో బాగానే ఉన్నట్టు కనబడి, గర్భం బరువు మీద పడ్డాక అలిసిపోవచ్చు. అందుకే గర్భానికి ముందే గుండెకు ఎకో పరీక్ష చేయించుకోవాలి. ప్రసవం చేసే డాక్టరమ్మకు పాత చికిత్స సంగతి తెలియకపోతే ఇవేవీ ఆమె ఆలోచనలోకే రావు. అత్తవారింటికి తెలియకూడదని ఆమె దగ్గర కూడా దాచేవాళ్ళున్నారు. అది ప్రాణం మీదికి వచ్చే దాపరికం.

బిడ్డకు కూడా క్యాన్సర్ వస్తుందా, అవయవ లోపాలతో పుడుతుందా అన్న భయం దాదాపు అందరిదీ. పెద్ద అధ్యయనాలు ఈ విషయంలో ధైర్యమే చెబుతున్నాయి. తల్లి తీసుకున్న కీమో వల్లగానీ రేడియేషన్ వల్లగానీ బిడ్డల్లో పుట్టుకతో వచ్చే లోపాలు పెరగలేదు. వంశంలో నడిచే క్యాన్సర్లు మాత్రం వేరు. కంటిపాపలో తెల్లటి మెరుపుతో బయటపడే రెటినోబ్లాస్టోమా వంశపారంపర్య రకమైతే బిడ్డకు ఆ జన్యువు వచ్చే అవకాశం 50 శాతం. ఈ జబ్బుకు హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరున్న చోటు. చిన్నప్పుడు ఈ చికిత్స పొందినవాళ్ళు గర్భానికి ముందు జన్యు సలహా తీసుకుంటే పుట్టిన బిడ్డ కళ్ళను మొదటి రోజుల నుంచే చూపించి, జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చు.

చికిత్సకు ముందే సంతానశక్తిని దాచుకునే దారులు ఇప్పుడున్నాయి. రజస్వల అయిన అమ్మాయికి పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు తీసి గడ్డకట్టించవచ్చు. 2012లో అమెరికన్ నిపుణుల సంఘం దీన్ని ప్రయోగదశ నుంచి తప్పించింది. మామూలుగా అండాలు తీసేది యోని ద్వారా. పెళ్ళికాని పిల్లకు అదేమిటని మన ఇళ్ళలో జంకుతారు. అవసరమైతే పొట్ట మీదుగా తీసే పద్ధతి ఉందని చెబితే ఆ జంకు కొంత తగ్గుతుంది. ఇంకా ఈడేరని పిల్లకు ఉన్నది ఒకే దారి: లాపరోస్కోపీతో అండాశయం ముక్క తీసి, ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి, పెద్దయ్యాక తిరిగి అమర్చడం. ఇలా అమర్చిన ముక్కతో తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. దుబాయికి చెందిన ఒక మహిళ తలసేమియా చికిత్సకు ముందు తొమ్మిదేళ్ళ వయసులో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో అండాశయం దాచుకుని, 2016 డిసెంబరులో లండన్‌లో కొడుకును కన్నది. 2019లో అమెరికన్ సంఘం దీనికీ ప్రయోగం అనే ముద్ర తీసేసింది.

అయితే రక్త క్యాన్సర్ దగ్గర ఈ పద్ధతికి పెద్ద చిక్కుంది. దాచిన ముక్కలోనే క్యాన్సర్ కణాలు ఉండిపోవచ్చు, తిరిగి అమర్చితే జబ్బునే తిరిగి అమర్చినట్టవుతుంది. పైగా ఆ జబ్బులో చికిత్స రోజుల్లో మొదలవ్వాలి. కాబట్టి కొన్నిచోట్ల ముందు కీమో ఇచ్చి, జబ్బు అదుపులోకి వచ్చాక, మజ్జ మార్పిడికి ముందు ముక్క తీస్తున్నారు. అందరికీ ఇది అవసరమూ లేదు. అండాశయం ఆగిపోయే ముప్పు 50 శాతం దాటినవాళ్ళకే అన్నది ఎడిన్‌బరో ప్రమాణాల్లో ఒకటి. జబ్బుపడ్డ పిల్లకు అదనంగా ఒక ఆపరేషన్ చేయించడం చిన్న నిర్ణయం కాదు. ఆ నిర్ణయం పిల్ల తరఫున అమ్మానాన్న తీసుకోవాలి. తరువాత ఆ ముక్కను ఏం చేయాలో పెద్దయ్యాక ఆమె తేల్చుకోవాలి.

ఖర్చు ఎవరిది? అమెరికాలో కనెక్టికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు 2017లోనే బీమా కంపెనీలు భరించాలని చట్టం చేశాయి. జర్మనీలో 2021 నుంచి ఆరోగ్య బీమా ఇస్తోంది. మన ఆరోగ్యశ్రీ 2007 నుంచి పేదల క్యాన్సర్ చికిత్సను మోసింది, ఆ మేలు చిన్నది కాదు. అండాలు దాచే ఖర్చు, ఏటా కట్టాల్సిన అద్దె మాత్రం ఇంటివాళ్ళ జేబులోంచే. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. అలాంటి చోటికీ, అదే నగరంలో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రికీ మధ్య ఒక దారి వేయడం ప్రభుత్వానికి తలకు మించిన పని కాదు.

చట్టాలు కూడా ఈ అమ్మాయిలను మనసులో పెట్టుకుని రాసినట్టు కనబడవు. 2021 నాటి సహాయక సంతాన చట్టం ప్రకారం ఈ సేవలు పొందే స్త్రీకి 21 నుంచి 50 ఏళ్ళు ఉండాలి. పదేళ్ళకు క్యాన్సర్ వచ్చిన పిల్ల ఆ వాక్యంలో ఎక్కడ ఇముడుతుంది? గర్భసంచి దెబ్బతిన్న పెళ్ళైన స్త్రీకి సరోగసీ దారి ఉంది. పెళ్ళి చేసుకోనని నిశ్చయించుకున్న స్త్రీకి అది లేదు. వితంతువులకు, విడాకులు తీసుకున్నవాళ్ళకు 35 నుంచి 45 ఏళ్ళ మధ్య మాత్రమే ఉంది. దత్తత నిబంధనలు ఒంటరి స్త్రీ పట్ల కొంత ఉదారంగా ఉన్నాయి, ఆమె ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా పెంచుకోవచ్చు. దత్తత కోరేవాళ్ళకు ప్రాణాంతకమైన జబ్బు ఉండకూడదన్న నియమం ఒకటుంది. ఎప్పుడో నయమైన క్యాన్సర్ ఆ కోవలోకి రాదని వైద్యుడి చేత స్పష్టంగా రాయించుకోవాలి. వరుసలో నిరీక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది కాబట్టి ఆలోచన ఉన్నవాళ్ళు ముందే నమోదు చేసుకోవడం మేలు.

ఇన్ని దారులున్నా చివరికి అన్నీ ఒక సంభాషణ దగ్గర ఆగిపోతున్నాయి. జబ్బు వచ్చిన రోజున వైద్యుడు తల్లిదండ్రులకు చెప్పి ఉండవచ్చు, ఆ గాభరాలో వాళ్ళకు అది ఎక్కి ఉండదు. పిల్ల ఎదుట ఎవరూ ఎత్తరు. పన్నెండు పదమూడేళ్ళకు తోటిపిల్లలు ఈడేరుతున్నా తనకు రాకపోతే తల్లి గుళ్ళకు మొక్కుకుంటుంది. ఆ వయసుకు కొద్దికొద్దిగా ఈస్ట్రోజన్ మొదలుపెడితే ఎముకలూ, గర్భసంచీ సరిగ్గా పెరుగుతాయని తెలియక విలువైన ఏళ్ళు పోతాయి. అండాశయం త్వరగా ఆగిపోయిన స్త్రీ దాదాపు 50 ఏళ్ళ దాకా హార్మోన్లు తీసుకోవడం మంచిది. పిల్లల ఊసు అటుంచి, ఎముకల కోసం, గుండె కోసం.

పెళ్ళి మాటల దగ్గర అసలు పరీక్ష. చెప్పాలా, దాచాలా? పెద్దలు ఎక్కువగా దాచమనే అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. సంబంధాలు తప్పిపోవడం, చెల్లెలి పెళ్ళికి కూడా అది అడ్డు రావడం కల్పితాలేమీ కావు. అయినా దాచడం ఒడ్డున పడేసే పని కాదు. ముఖ్యమైన విషయం దాచారన్న ఆరోపణ మీద పెళ్ళిని రద్దు చేయమని అడిగే వీలు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. నా మట్టుకు నేను అనేది, ఎప్పుడు, ఎంత, ఎవరితో చెప్పాలన్నది ఆ అమ్మాయి నిర్ణయం కావాలి. మేనమామా, మధ్యవర్తీ తేల్చేది కాదు. పూర్తి వివరాలు తన చేతిలో ఉన్న అమ్మాయి "నాకు జబ్బు వచ్చింది, నయమైంది, నా పరిస్థితి ఇదీ" అని చెప్పే తీరు వేరుగా ఉంటుంది. అబ్బాయిని కూడా వెంటబెట్టుకుని ఒకసారి వైద్యుడి దగ్గర కూర్చుంటే సగం అపోహలు అక్కడే తీరతాయి.

ఆసరా ఎక్కడ దొరుకుతుందంటే, ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1991లోనే చికిత్స ముగిసిన పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్ పెట్టింది. నయమైన పిల్లలే పెద్దవాళ్ళై ఒకరికొకరు తోడుగా నిలిచే 'ఉగమ్' బృందం 2009లో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ నీడన మొదలైంది. తన లాంటి మరో స్త్రీ బిడ్డనెత్తుకుని ఎదురుగా వచ్చి కూర్చుంటే కలిగే ధైర్యం ఏ కౌన్సెలర్ మాటకూ రాదు. బిడ్డ వద్దనుకుని హాయిగా బతుకుతున్న స్త్రీ కనబడినా అంతే. పిల్లల క్యాన్సర్ విభాగంలో పద్దెనిమిదేళ్ళు దాటితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ ఒక్క ఉద్యోగం ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పెట్టాలని అడగడం అత్యాశ కాదు.

చిన్నప్పుడు క్యాన్సర్ చికిత్స పొందినవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు ఈ వారంలోనే చేయగలిగిన పని ఒకటుంది. బీరువాలో ఫైలు తీసి చూడండి. ఏ మందులు ఇచ్చారు, మొత్తం డోసు ఎంత, రేడియేషన్ ఎక్కడ ఎన్ని గ్రేలు పడింది, మజ్జ మార్పిడి జరిగిందా అన్నవి ఉన్నాయా? లేకపోతే చికిత్స చేసిన ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి చికిత్స సారాంశం అడగండి, దాన్ని అమ్మాయి పేరు మీద, అమ్మాయి చేతికే ఇప్పించండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రులు చేర్చుకున్న రోగుల రికార్డులు ఉంచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్ళే, అడిగితే ఇవ్వాల్సింది మాత్రం 72 గంటల్లోపు.